70 దాటిన మనిషికి మెదడు గడ్డ వైద్యం: హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి సేవలపై సమీక్ష

గ్లయోబ్లాస్టోమా అనే మెదడు గడ్డకు మా నాన్నగారు తమ 74వ ఏట హైదరాబాదులోని ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను, రేడియేషన్, కీమో మాత్రలు మూడూ తీసుకున్నారు. ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. నేను మెచ్చుకోబోయే డాక్టర్లు రేపు మరో చోటికి మారిపోవచ్చు. నేను తప్పుపట్టబోయే పద్ధతులు ఆ ఒక్క ఆసుపత్రికే పరిమితం కావని, ఇదే జబ్బుతో ఇతర చోట్ల తిరిగిన కుటుంబాలతో మాట్లాడినప్పుడు అర్థమైంది. ఈ వయసు రోగికి ఏ సేవ ఎలా ఉండాలి, మాకు ఎలా అందింది అన్నది వివరంగా రాస్తే చదివేవారికి ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం. ఐదు మార్కులకు మూడున్నర ఇస్తున్నాను. ఆ మూడున్నరలో అధిక భాగం రేడియేషన్ విభాగానిదే.

మెదడులోనే పుట్టే క్యాన్సర్ గడ్డల్లో పెద్దవారికి ఎక్కువగా వచ్చేదీ, అన్నిటికన్నా వేగంగా పెరిగేదీ గ్లయోబ్లాస్టోమా. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది గ్రేడ్ 4. ఎక్కువ మందిలో 60 ఏళ్లు దాటాకే బయటపడుతుంది కాబట్టి తొలి లక్షణాలు వయసు ఖాతాలోకి పోతాయి. మా ఇంట్లో అదే జరిగింది. నాన్నగారు కంచంలో ఎడమవైపు వడ్డించిన పచ్చడి, కూర ముట్టకుండా లేచేవారు. నోటికి రుచి తప్పిందేమో అనుకున్నాం. ఎడమ కాలి చెప్పు జారిపోతున్నా వారికి తెలిసేది కాదు. గుంటూరులో చూసిన న్యూరాలజిస్టు కాగితం మీద గడియారం బొమ్మ వేయమంటే, ఊరి హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి పన్నెండు అంకెల్నీ కుడి సగంలోనే కుక్కారు. మెదడు కుడిభాగం దెబ్బతిన్నప్పుడు ఎడమ ప్రపంచం ఉన్నట్టే తోచకపోవడం ఇలాగే ఉంటుందని ఆయన అక్కడికక్కడే వివరించి ఎం.ఆర్.ఐ.కి రాశారు. ఈ సమీక్షలో ఉన్న వైద్యులందరిలోకీ నా మొదటి నమస్కారం ఆయనకే.

హైదరాబాదు ఆసుపత్రిలో న్యూరో సర్జన్ సేవ గురించి పెద్దగా ఫిర్యాదు లేదు. 70 దాటిన వారిలో గడ్డను వీలైనంత తీయడమా, చిన్న ముక్క తీసి బయాప్సీతో ఆగడమా అన్నది గడ్డ ఉన్న చోటును బట్టీ, రోగి ఓపికను బట్టీ తేలుతుందని, వయసు ఒక్కటే అడ్డు కాదని ఆయన చెప్పారు. నాన్నగారి గడ్డ పైపొరకు దగ్గరగా ఉంది, చుట్టూ వాపు విపరీతంగా ఉంది, కాబట్టి తీస్తే ఒత్తిడి తగ్గి కాలు చేయి కొంత తేరుకుంటాయన్నారు. ఈ జబ్బును ఆపరేషనుతో పూర్తిగా తీసేయడం ఎవరి వల్లా కాదని, కంటికి కనిపించే అంచుకు అవతల కూడా కణాలు పాకి ఉంటాయని దాచకుండా చెప్పారు. ఆపరేషను తర్వాత మూడు రోజుల లోపే మళ్లీ ఎం.ఆర్.ఐ. తీయించారు, ఆలస్యమైతే ఆపరేషను తాలూకు మార్పులు కలిసిపోయి, ఎంత మిగిలిందో సరిగా తెలియదట. ఇది బిల్లు పెంచడానికి తీసిన స్కాను కాదని తర్వాత రేడియేషన్ డాక్టరు దాన్నే ముందు పెట్టుకుని గీతలు గీసినప్పుడు అర్థమైంది.

ఐ.సి.యు.కు మాత్రం మార్కులు కోయక తప్పదు. లోపలికి తీసుకుపోయేటప్పుడు కళ్లజోడు, చెవి మిషను తీసి ఒక కవరులో పెట్టి మా చేతికిచ్చారు. చూపు ఆనక, మాట వినపడక, పగలో రాత్రో తెలియని దీపాల మధ్య ఆ వయసు మనిషి అయోమయంలో పడతారని వేరే చెప్పాలా? ఆ రాత్రి చేతికున్న సూది పీకేసుకుంటున్నారని చేతులు మంచానికి కట్టారు. మరునాడు ఉదయం డ్యూటీకి వచ్చిన ఒక నర్సు కళ్లజోడు, మిషను తెప్పించి పెట్టి, ఎదురుగా గడియారం కనపడేలా మంచం తిప్పించాక సాయంత్రానికల్లా మనిషి కుదుటపడ్డారు. పెద్ద వయసువారిలో ఆపరేషను తర్వాత వచ్చే ఈ మతిచలనం చాలావరకు ఇలాంటి చిన్న జాగ్రత్తలతోనే తగ్గుతుంది. అది ఒక నర్సమ్మ మంచితనం మీద ఆధారపడకుండా వార్డు నియమంగా ఉండాల్సింది.

బయాప్సీ రిపోర్టు వచ్చాక అసలు నిర్ణయం ఎదురైంది. బిల్లింగ్ విభాగం వారు మాకు ఒక ఎస్టిమేట్ ఇచ్చారు: ఆరు వారాల పాటు 30 సిట్టింగుల రేడియేషన్, దానితో రోజూ టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు, ఆ తర్వాత నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు విడతల మాత్రలు. ఊళ్లో కరెంటు పెట్టించడం అంటారే, అదే ఈ రేడియేషన్. ఆ కాగితంలో వయసు అన్న గడిలో 74 అని స్పష్టంగా అచ్చయి ఉంది. అయినా కింద ఉన్న వైద్యం 74 ఏళ్ల మనిషి కోసం తయారైంది కాదు. గ్లయోబ్లాస్టోమా అనగానే కంప్యూటరు ఇచ్చే ప్యాకేజీ అది.

ఆ ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో రేడియేషన్ ఆంకాలజిస్టు మాకు చెప్పారు. 2005లో రోజర్ స్టుప్ బృందం ప్రచురించిన పరిశోధనలో, రేడియేషన్ ఒక్కటే ఇచ్చిన వారిలో మధ్యగత జీవితకాలం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 12.1 నెలలు ఉండగా, మాత్రలు కూడా కలిపిన వారిలో అది 14.6 నెలలయింది. ఆనాటి నుంచి ప్రపంచమంతటా ఇదే ప్రామాణిక వైద్యం. కానీ ఆ పరిశోధనలో 70 ఏళ్లు దాటినవారిని చేర్చుకోలేదు. నడి వయసువారికి తేలిన ఫలితాన్ని పెద్దవారి మీద అలాగే రుద్దడం సరికాదన్న అనుమానం వైద్యుల్లో అంతకు ముందు నుంచే ఉందని, వారి కోసం విడిగా పరీక్షలు జరిగాయని చెప్పి, ఆ డాక్టరు ఒక తెల్లకాగితం తీసుకుని సంవత్సరాలూ అంకెలూ వరుసగా రాశారు. ఆ కాగితం ఇప్పటికీ మా దగ్గరుంది. నేను ఇచ్చే మార్కుల్లో సగం ఆ కాగితానికే.

అందులో ముందుగా రాసింది 2004లో కెనడాలో వెలువడిన పరిశోధన. 60 దాటినవారిని రెండుగా విభజించి ఒక జట్టుకు ఆరు వారాల్లో 30 సిట్టింగులు, మొత్తం 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత), రెండో జట్టుకు మూడు వారాల్లో 15 సిట్టింగులు, మొత్తం 40 గ్రే ఇచ్చారు. మధ్యగత జీవితకాలం మొదటి జట్టులో 5.1 నెలలు, రెండో జట్టులో 5.6 నెలలు. అంటే ఆసుపత్రి చుట్టూ మరో మూడు వారాలు తిరిగినందువల్ల ఆయుష్షు ఏమీ పెరగలేదు. పైగా పొట్టి కోర్సు వారిలో వాపు తగ్గించే స్టిరాయిడు పెంచాల్సిన అవసరం తక్కువ మందికి పడింది. 2007లో ఫ్రాన్సు వారు 70 దాటినవారిలో అసలు రేడియేషన్ ఇవ్వకుండా ఉపశమన వైద్యం, అంటే బాధను తగ్గించే వైద్యం, మాత్రమే ఇస్తే ఏమవుతుందో పోల్చి చూశారు. ఉపశమనం మాత్రమే ఉన్నవారిలో 16.9 వారాలు, రేడియేషన్ కూడా తీసుకున్నవారిలో 29.1 వారాలు. ‘ఈ వయసులో ఎందుకండీ ఈ కరెంటు’ అని మా బంధువులు అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు దొరకలేదు.

తరువాతివి 2012లో వచ్చిన రెండు యూరపు పరిశోధనలు. ఉత్తర యూరపు దేశాల వారు 60 దాటినవారిలో మూడు పద్ధతులు పోల్చారు: మాత్రలు ఒక్కటే అయితే 8.3 నెలలు, 10 సిట్టింగులలో 34 గ్రే రేడియేషన్ అయితే 7.5, మామూలు ఆరు వారాల కోర్సు అయితే 6 నెలలు. జర్మనీ, స్విట్జర్లాండ్ వారి పరిశోధన 65 దాటినవారిలో మాత్రలు ఒక్కటే ఇవ్వడం రేడియేషన్ ఒక్కటే ఇవ్వడానికి తీసిపోదని చూపింది. కాకపోతే ఎవరికి మాత్రలు, ఎవరికి రేడియేషన్ అన్నది గడ్డలోని ఎం.జి.ఎం.టి. అనే జన్యువు స్థితిని బట్టి ఉంటుందని తేల్చింది. ఆ జన్యువు మూతపడి ఉంటే, రిపోర్టు భాషలో మిథైలేటెడ్ అయితే, మాత్ర చేసిన దెబ్బను గడ్డ కణం బాగుచేసుకోలేదు, కాబట్టి మాత్ర బాగా పనిచేస్తుంది. తెరిచి ఉంటే మాత్ర మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు.

చివరిది, నాన్నగారికి నేరుగా వర్తించేది, 2017 నాటిది. 65 దాటిన 562 మందికి 15 సిట్టింగుల పొట్టి కోర్సే ఇచ్చి, సగం మందికి దానితో టెమోజోలమైడ్ కలిపారు. మాత్ర లేనివారిలో 7.6 నెలలు, ఉన్నవారిలో 9.3 నెలలు. జన్యువు మూతపడి ఉన్నవారిలో తేడా ఇంకా పెద్దది: 7.7 నెలల నుంచి 13.5 నెలలకు. ఇంకా బలహీనంగా ఉన్నవారికి ఐదే సిట్టింగులలో 25 గ్రే ఇచ్చే పద్ధతి కూడా ఉందని, 2015లో వెలువడిన ఒక చిన్న అంతర్జాతీయ పరిశోధనలో అది 15 సిట్టింగులకు తీసిపోలేదని, మంచం పట్టిన మనిషైతే తాను దాన్నే ఎంచుకునేవాడినని డాక్టరు అన్నారు.

ఇవన్నీ కాగితం మీద ఉన్నప్పుడే నాన్నగారు అడిగిన ప్రశ్నను ఇక్కడ రాయాలి. మేము, అంటే కుటుంబం, జబ్బు పేరు ఆయనకు చెప్పవద్దని ముందే డాక్టరును కోరాం. తెలుగు ఇళ్లలో ఇది మామూలే. డాక్టరు మా కోరికను తోసిపుచ్చలేదు, అలాగని ఒప్పుకోనూ లేదు. మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, చెవి మిషను సరిగా ఉందో లేదో చూసి, ‘మాస్టారూ, మీ జబ్బు గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది? వివరాలు పిల్లలతో మాట్లాడమంటారా, మీతోనే మాట్లాడమంటారా?’ అని అడిగారు. నాన్నగారు తనతోనే మాట్లాడమన్నారు. నెలల అంకెలు విన్నాక, ‘ఇది సగటా, మధ్యగతమా?’ అని అడిగారు. మధ్యగతమేనని తెలిశాక, ‘అయితే సగం మంది దీనికన్నా ఎక్కువే ఉన్నారన్నమాట. ఎంత ఎక్కువన్నది ఇది చెప్పదు’ అని మాకు పాఠం చెప్పినట్టు చెప్పారు. తర్వాత ఆయన అడిగింది ఒక్కటే: సంక్రాంతి నాటికి తెనాలి ఇంటికి వెళ్లిపోవచ్చా అని. ఆరు వారాల కోర్సు అయితే వీలుపడదు, మూడు వారాల కోర్సు అయితే పడుతుంది. అక్కడితో ఎస్టిమేట్ మారిపోయింది.

మారిన ఎస్టిమేట్ చూసి నేను మొదట ఆశ్చర్యపోయాను, ఎందుకంటే ఖర్చు సగానికి తగ్గలేదు. దానికి సరైన కారణమే ఉంది. ముఖానికి అచ్చు తీయడం, ప్లానింగ్ సి.టి., గడ్డ చుట్టూ గీతలు గీసి ఏ దిక్కు నుంచి ఎంత మోతాదు అని కంప్యూటరులో లెక్కకట్టడం, ఇవన్నీ రెండు కోర్సులకూ ఒకటే. తగ్గేది రోజువారీ మిషను చార్జీ, ఆ మూడు వారాల బస ఖర్చు మాత్రమే. ఈ వివరం బిల్లింగ్ వారు చెప్పలేదు, రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు చెప్పారు. ప్యాకేజీ మార్పును బిల్లింగ్ వారు ఒక నష్టంలా చూశారన్నది నా అభిప్రాయం. 30 సిట్టింగుల వైపు మళ్లీ మళ్లీ నెట్టే ప్రయత్నం జరిగింది. డాక్టరు ఫోను చేస్తే గానీ ఆగలేదు.

రేడియేషన్ గది అనుభవం బాగుంది. వేడినీటిలో మెత్తబడిన వల లాంటి ప్లాస్టిక్కును ముఖం మీద పరిచి, చల్లారి గట్టిపడేదాకా కదలకుండా ఉంచి మాస్కు తయారుచేస్తారు. ప్రతిరోజూ అదే మాస్కుతో తలను బల్లకు బిగిస్తారు. కట్టుడు పళ్లు పెట్టుకుని అచ్చు తీయించుకుంటే రోజూ వాటితోనే పడుకోవాలి, తీసేసి అచ్చు వేస్తే రోజూ తీసేయాలి, లేకపోతే దవడ దగ్గర మాస్కు సరిపోదు. ఈ మాట టెక్నీషియను ముందే అడిగి రాసుకున్నారు. మాస్కు వేశాక చెవి మిషను ఉండదు కాబట్టి, బల్ల ఎక్కించే ముందే, ఈ రోజు ఏం జరుగుతుందో, ఎప్పుడు చేయి ఎత్తితే ఆపుతారో చెప్పేవారు. మిషను మీద ఉండేది పది పదిహేను నిమిషాలే. నొప్పి లేదు, షాకు లేదు, కరెంటు అన్న పేరుకు భయపడే పెద్దలకు ఇది చెప్పి తీసుకువెళ్లడం మంచిది. మూడో వారం నుంచి విపరీతమైన నీరసం, పగటి నిద్ర మొదలయ్యాయి. కిరణాలు పోయిన దారిలో జుట్టు రాలింది. స్లాటు సమయం మాత్రం తరచూ తప్పేది. చక్రాల కుర్చీలో కూర్చుని వేచి ఉండే ముసలివారిని ముందు పంపే ఏర్పాటు లేదు.

మాత్రల విషయంలో ఫార్మసీ సేవ అధ్వాన్నం, నర్సు సేవ ఉత్తమం. టెమోజోలమైడ్ మోతాదు ఒంటి వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. రేడియేషన్ రోజుల్లో చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు, నాన్నగారిది 1.6 చదరపు మీటర్లు కాబట్టి రోజుకు 120, అంటే 100ది ఒకటి, 20ది ఒకటి. రేడియేషన్ వారానికి ఐదు రోజులే గానీ మాత్ర శని, ఆదివారాల్లో కూడా వేసుకోవాలి, ఆ మూడు వారాలూ విడవకుండా. ఫార్మసీ వారు సిట్టింగులు 15 కదా అని 15 రోజులకే మాత్రలిచ్చారు. డే కేర్ నర్సు లెక్క చూసి 21 రోజులకు సరిచేయించింది. రేడియేషన్ అయ్యాక కొన్ని వారాల విరామం ఇచ్చి, 28 రోజులకు ఒకసారి ఐదు రోజుల చొప్పున చదరపు మీటరుకు 150తో మొదలుపెట్టారు. ఖాళీ కడుపుతో, పడుకోబోయే ముందు, వాంతి మాత్ర వేసుకున్న అరగంటకు, క్యాప్సూలు విప్పకుండా, నమలకుండా మింగాలని ఆ నర్సే పెద్ద తెలుగు అక్షరాలతో రాసిచ్చింది. వాంతి మాత్ర మలబద్ధకం తెస్తుందన్న మాట కూడా అందులో ఉంది. రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి, ఎందుకంటే ప్లేట్‌లెట్లు మాత్ర వేసుకున్న రోజుల్లో కాక మూడో వారం తర్వాత పడిపోతాయి. ఒక విడత అలాగే పడిపోతే, పెరిగేదాకా ఆగి మోతాదు తగ్గించి ఇచ్చారు. పరీక్షలు తెనాలిలో చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపితే అదే రోజు జవాబు వచ్చేది; ఇది ఈ ఆసుపత్రిలో నిజంగా మెచ్చుకోవలసిన సేవ.

ఇక డెక్సామెథసోన్. మెదడు వాపు తగ్గించే ఈ స్టిరాయిడు రెండు రోజుల్లోనే మనిషిని లేపి కూర్చోబెట్టింది, తర్వాత అదే పడుకోనివ్వలేదు. డిశ్చార్జి సమ్మరీలో 1-0-1 అని ఉంది, అంటే ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. రాత్రి మాత్రతో నిద్ర పట్టక తెల్లవార్లూ ఇల్లంతా తిరగబోయి పడిపోయే ప్రమాదం ఏర్పడింది. రెండో మాత్రను మధ్యాహ్నం రెండు లోపు వేయమని చివరికి చెప్పింది ఉపశమన విభాగం నర్సు. మరునాటి నుంచే నిద్ర పట్టింది. షుగరు లేని మనిషికి షుగరు 300 దాటింది, తొడల్లో బలం పోయి కమోడు మీద నుంచి లేవలేకపోయారు. గడ్డ మళ్లీ పెరిగిందని మేము అనుకుంటే, అది స్టిరాయిడు వల్ల కండరాలకు వచ్చిన బలహీనతని, మోతాదు మెల్లగా తగ్గించాలి తప్ప ఒక్కసారిగా ఆపకూడదని రేడియేషన్ డాక్టరు చెప్పారు. పెద్ద వయసు రోగి విషయంలో ఈ మందు కీమో కన్నా ఎక్కువ నిఘా కోరుతుంది. కానీ కీమోకు ఉన్నంత కౌన్సెలింగు దీనికి లేదు, ఎందుకంటే ఇది పది రూపాయల మందు. ఫిట్స్ రాకుండా ఇచ్చిన లెవెటిరాసెటమ్‌తో ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషికి చీటికిమాటికి కోపం వచ్చేది, అదీ మందు లక్షణమేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే మా అమ్మగారు అంత నొచ్చుకునేవారు కాదు.

ఎం.జి.ఎం.టి. పరీక్ష ఇంత ముఖ్యమైనదని చెప్పాక, ఆ పరీక్షకు గడ్డ ముక్క బయటి ల్యాబుకు వెళ్లడానికే రోజులు పట్టింది. డబ్బు కట్టిన రసీదు పాథాలజీకి చేరలేదన్నారు, తర్వాత గడ్డ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు దొరకలేదన్నారు. రేడియేషన్ రెండో వారంలో ఉండగా రిపోర్టు వచ్చింది: మిథైలేటెడ్. అదృష్టవశాత్తు మాత్ర మొదటి రోజు నుంచే వేస్తున్నారు కాబట్టి నష్టం జరగలేదు. మాత్రలు ఒక్కటే చాలునా, రేడియేషన్ కూడా కావాలా అని తేల్చుకోవలసిన మరింత బలహీనమైన రోగికి ఈ ఆలస్యం వైద్యాన్నే మార్చేస్తుంది. బయాప్సీ రోజునే ఈ పరీక్షకు కూడా రాయించి, ఏ రోజున పంపారో అడిగి తెలుసుకోండి.

కోర్సు ముగిశాక తీసిన మొదటి ఎం.ఆర్.ఐ.లో మెరిసే భాగం పెద్దదైంది. రేడియాలజీ రిపోర్టులో జబ్బు పెరిగి ఉండవచ్చు అని ఒక వాక్యం, అంతే. రేడియేషన్ తర్వాత మొదటి మూడు నెలల్లో, ముఖ్యంగా మిథైలేటెడ్ గడ్డల్లో, వైద్యం తాలూకు వాపే పెరుగుదలలా కనిపిస్తుందని, మనిషి బాగున్నప్పుడు కేవలం బొమ్మను చూసి మందు మార్చకూడదని డాక్టరు చెప్పి మరో స్కాను దాకా ఆగమన్నారు. ఆ స్కానులో తగ్గింది. ఆ మధ్య కాలంలోనే మరో విభాగం వారు బెవసిజుమాబ్ ఇంజెక్షన్లు సూచించారు. అది వాపు తగ్గిస్తుంది, స్టిరాయిడు అవసరం తగ్గిస్తుంది, కాబట్టి కొందరికి నిజంగా మేలు చేస్తుంది. కానీ 2014లో వెలువడిన రెండు పెద్ద పరిశోధనల్లో, మొదటి నుంచే కలిపి ఇచ్చినా అది ఆయుష్షును పెంచలేదు. ఆయుష్షు పెరగదన్న ఆ రెండో సగం మాట సూచించినవారు చెప్పలేదు, మేము అడిగితే ఒప్పుకున్నారు.

ఈ ఆసుపత్రికి నేను అతి తక్కువ మార్కులు ఇచ్చేది ఉపశమన వైద్యం విషయంలో. ఆ విభాగం ఉంది, అందులోని డాక్టరు, నర్సు ఇద్దరూ సమర్థులు, దయగలవారు. కానీ మమ్మల్ని అక్కడికి పంపింది మందులు పనిచేయడం మానేశాక. మొదటి రోజు నుంచి నెలల్లో లెక్కపెట్టే జబ్బుకు, ఫిజియోథెరపీ, నిద్ర, మింగడంలో ఇబ్బంది, ఇంట్లో చూసుకునే మనిషి అలసట అన్నవి చివర్లో ఆలోచించాల్సినవి కావు. ఇంటికి పంపేటప్పుడు ఫిట్స్ వస్తే ఏం చేయాలో కాగితంలో రాయలేదు. ఒక రాత్రి ఫిట్స్ వచ్చినప్పుడు అంబులెన్సులో గుంటూరు పరుగెత్తవలసి వచ్చింది. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే ఇంట్లో ఉంచుకోవచ్చని అక్కడి డ్యూటీ డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. తర్వాత రెండుసార్లు అదే ఆదుకుంది. నాన్నగారు తెనాలి ఇంట్లోనే కన్నుమూశారు. చివరి వారాల్లో ఆసుపత్రి ఉపశమన నర్సు వీడియోలో చూసి చెప్పిన సలహాలతోనే ఊళ్లో ఉన్న ఆర్.ఎం.పి. కూడా సూది మందులు చక్కగా చూసుకున్నారు. హైదరాబాదులోనే ఉండేవారికి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన విభాగం ఉంది. వైద్యం ప్రైవేటులో చేయించుకుంటున్నా అక్కడి వారిని ముందే ఒకసారి కలవడం మంచిది.

ఖర్చు గురించి అడిగేవారికి రెండు మాటలు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షల రూపాయలు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. అయితే కార్డు ఉండటం వేరు, ఆ ఆసుపత్రిలో ఆ ప్యాకేజీ చెల్లడం వేరు. ఏ చికిత్స ఏ పథకం కింద వస్తుందో ఆరోగ్యమిత్ర దగ్గర అడిగాకే అడ్వాన్సు కట్టండి. టెమోజోలమైడ్ మన దేశంలోనే చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ఒకే మోతాదుకు ధరల్లో తేడా చాలా ఎక్కువ. ఆసుపత్రి ఫార్మసీలోనే కొనాలన్న నిబంధన మాకు పెట్టారు. రాతపూర్వకంగా చూపమంటే వదిలేశారు.

విభాగాల వారీగా చెప్పమంటే రేడియేషన్‌కు ఐదు, సర్జరీకి నాలుగు, డే కేర్ నర్సులకు ఐదు, ఐ.సి.యు.కు రెండు, పాథాలజీకి రెండు, బిల్లింగుకు ఒకటి. ఉపశమన విభాగంలో మనుషులకు నాలుగు, వారి దగ్గరికి పంపే పద్ధతికి ఒకటి. ఇంట్లో 65 దాటిన మనిషికి ఈ జబ్బు తేలి, నడవగలిగే, తన పనులు తాను చేసుకోగలిగే స్థితిలో ఉంటే ఈ ఆసుపత్రి రేడియేషన్ విభాగానికి వెళ్లమనే చెబుతాను. కాకపోతే ఎస్టిమేట్ తీసుకోకముందే ఆ డాక్టరుతో మాట్లాడాలి, 15 సిట్టింగుల కోర్సు సరిపోతుందా అని నోరు తెరిచి అడగాలి, ఉపశమన విభాగం అపాయింట్‌మెంటు కూడా అదే వారంలో తీసుకోవాలి. మంచం మీదే ఉన్న మనిషైతే ఇంత దూరం తీసుకురావడం నేను సలహా ఇవ్వను. ఐదు సిట్టింగుల కోర్సును, లేదా రేడియేషన్ లేని ఉపశమన వైద్యాన్ని దగ్గరి ఊళ్లోనే అడిగి చూడండి.